ఓడ నడిపే ఆఫీసర్ల మానసిక భారం కొలవడం ఎలా?

ప్రశ్న: హైదరాబాద్‌లో సైకాలజీ పీజీ ప్రాజెక్టు చేస్తున్నాను. సరుకు ఓడల్లో బ్రిడ్జి (ఓడను నడిపే గది) మీద వాచ్ (వంతులవారీ డ్యూటీ) చేసే ఆఫీసర్ల మానసిక భారం కొలవాలి. సెలవులో ఇంటికొచ్చినవాళ్లు కూకట్‌పల్లి, సైనిక్‌పురి వైపు కొందరున్నారు. నాసా-టీఎల్ఎక్స్ ఫారం (పని ఎంత భారమనిపించిందో చేసినవాళ్లే ఆరు స్కేళ్ల మీద గుర్తుపెట్టేది) ఇచ్చి, పోయిన ట్రిప్పు తలచుకుని నింపమంటే సరిపోతుందా?

జవాబు 1: సరిపోదండీ. ఆ ఫారం ఒక పని ముగియగానే నింపించేది. నెలలు గడిచాక అడిగితే తుపాను రాత్రి గుర్తుంటుంది గానీ మామూలు వాచ్ గుర్తుండదు. చెన్నైలో బ్రిడ్జి సిమ్యులేటర్ దొరికేలా చూడండి. ఒకసారి ఖాళీ సముద్రం, ఇంకోసారి మలక్కా జలసంధి లాంటి రద్దీ: చుట్టూ చేపల పడవలు, ఆగని వీహెచ్‌ఎఫ్ రేడియో పిలుపులు, రాడార్ అలారాలు. సెషన్ అయిన వెంటనే ఫారం చేతికివ్వాలి. ఆరు స్కేళ్లలో ‘పనితీరు’ దగ్గర జాగ్రత్త. మిగతా ఐదింట్లో ఎడమవైపు తక్కువ, కుడివైపు ఎక్కువ. ఇందులో మాత్రం ఎడమవైపు బాగా చేశాననీ, కుడివైపు చేయలేకపోయాననీ. తొందరలో చాలామంది తిరగేసి గీస్తారు. మొదలుపెట్టే ముందే నోటితో చెప్పండి.

జవాబు 2: నిద్రమత్తును టీఎల్ఎక్స్ పట్టుకోదు. తెల్లవారుజామున ఖాళీ సముద్రంలో మార్కులు తక్కువే వస్తాయి, ప్రమాదం మాత్రం అప్పుడే ఎక్కువ. 1 నుంచి 9 దాకా ఉండే కరోలిన్‌స్కా నిద్రమత్తు స్కేలు కూడా వాచ్ మొదట్లో, మధ్యలో, చివర్లో వాడండి. ఆరు గంటలు పని, ఆరు గంటలు విశ్రాంతి పద్ధతిలో ఆ ఆరులోనే భోజనం, స్నానం, కాగితాల పని. నిద్రకు మిగిలేది ఐదు గంటలు కూడా కష్టమే. ఓడ సిబ్బంది పని పరిస్థితుల మీద అంతర్జాతీయ ఒప్పందమైన ఎంఎల్‌సీ 2006 ప్రకారం 24 గంటల్లో కనీసం 10, ఏడు రోజుల్లో 77 గంటల విశ్రాంతి ఉండాలి. ఓడలోని విశ్రాంతి గంటల రిజిస్టర్‌లో అంకెలు సరిగ్గానే కనిపిస్తాయి, దాన్నే డేటాగా తీసుకోకండి. నిద్ర డైరీ విడిగా రాయించండి. వాచ్‌లో ఉన్న ఆఫీసరు నిద్రపోలేదని చూసే బ్రిడ్జి అలారం బటన్ నొక్కారంటే మెలకువగా ఉన్నట్టేనని కూడా అనుకోవద్దు. 3 నుంచి 12 నిమిషాలకోసారి నొక్కాల్సిన బటన్ అది, అలవాటైన చెయ్యి మగతలోనూ నొక్కేస్తుంది.

ప్రశ్న అడిగినవారు: మరి ఇక్కడ దొరికినవాళ్లను వదిలేయాలా?

జవాబు 1: అక్కర్లేదు, ఇంటర్వ్యూ చేయండి. ‘ఒత్తిడి ఉంటుందా’ అనడక్కండి. బాగా ఇబ్బందిపడ్డ ఒక్క వాచ్ ఎంచుకోమని, నిమిషాల వారీగా చెప్పించండి: బ్రిడ్జి మీద ఎవరెవరున్నారు, ఏ అలారం మోగింది, దాన్ని ఎందుకు ఆపేశారు, కెప్టెన్‌ను ఎప్పుడు పిలిచారు, పిలవడానికి ఎందుకు జంకారు. అసలు విషయం ఆ చివరి ప్రశ్నలోనే బయటపడుతుంది. ఓడ పేరు, కంపెనీ పేరు అసలు రాసుకోవద్దు. తర్వాతి కాంట్రాక్టు పోతుందన్న భయం ఉంటే ఎవరూ నోరు విప్పరు.