తాతయ్య బయొనెట్ (తుపాకీ మూతికి తగిలించే కత్తి) ఏ తుపాకీది?

మైలాపూర్ ఇల్లు సర్దుతుంటే ట్రంకుపెట్టె అడుగున దొరికింది. తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఇండియా సైన్యపు నాలుగో ఇండియన్ డివిజన్‌లో, ఉత్తర ఆఫ్రికాలో ఉన్నారు. బ్లేడు 25 సెం.మీ., పిడికి ఎర్రటి గోధుమరంగు బేకలైట్ (పాతకాలపు గట్టి ప్లాస్టిక్) పలకలు. ఒరలో సగం దాకా వెళ్లి ఆగిపోతోంది. బాబాయేమో ఇది బ్రిటిష్ సైన్యపు .303 రైఫిల్‌దే అని పందెం కాస్తున్నాడు!

— బాబాయి ఓడిపోయారండి. 1907 నమూనా .303 బయొనెట్‌కి పిడికీ బ్లేడుకీ మధ్యనున్న అడ్డుకడ్డీలో తుపాకీ గొట్టం దూరే రింగు ఉంటుంది. మీరు చెప్పింది జర్మన్ బయొనెట్ ఎస్84/98లా ఉంది, అంటే జర్మన్ సైనికుల మౌజర్ 98కె రైఫిల్‌ది. పిడి వెనక గాడి, పక్కన నొక్కే బటన్, వీపున ఇనుప రేకు ఉన్నాయా? బ్లేడు మొదట్లో ఒకవైపు తయారీదారు పేరో కోడో, రెండోవైపు నంబరు ఉంటాయి. అదే నంబరు ఒర మీదా ఉంటే అసలు జోడీ అన్నమాట.

— అన్నీ ఉన్నాయి! నంబర్లు మాత్రం వేరు.

— యుద్ధంలో ఒరలు మారిపోవడం మామూలే. బలంగా తోయకండి. ఒర మూతి పక్కనున్న స్క్రూ తీస్తే లోపలి స్ప్రింగ్ రేకులు బయటికొస్తాయి, వంగాయేమో చూడండి. తుప్పుకి నూనె, మెత్తటి గుడ్డ చాలు. గరుకు కాగితం పెట్టారో, ముద్రలూ విలువా రెండూ పోతాయి. ఇంకోటి, బ్లేడు 9 అంగుళాలు దాటింది కాబట్టి ఆయుధ నిబంధనల కిందికి వస్తుంది. గోడకి తగిలించే ముందు పోలీస్ స్టేషన్‌లో అడగండి.