మూడేళ్లకే పెన్సిల్ పట్టించాలా?

ఖమ్మం అమ్మ:
మా పాపకు మూడేళ్ల నాలుగు నెలలు. నర్సరీలో రోజూ పేజీ నిండా ఏబీసీడీలు రాసుకురమ్మంటున్నారు. నిన్న రాత్రి పెన్సిల్‌ని పిడికిట్లో పట్టుకుని నాలుగు గీతలు గీసి, ‘అమ్మా చెయ్యి నొప్పి’ అని పుస్తకం మీదే నిద్రపోయింది. మాన్పించి వీధి చివర అంగన్‌వాడీకి పంపుతానంటే ఇంట్లో అందరూ ఒంటికాలి మీద లేస్తున్నారు. మీరైతే ఏం చేస్తారు?

గుంటూరు నాన్న:
మాన్పించకండి మేడమ్. మేం కౌలు రైతులం. మావాడు నేరుగా ఒకటో తరగతిలో చేరేసరికి పక్క పిల్లలు గడగడా చదివేస్తున్నారు, వీడేమో అక్షరాలు పోల్చుకోలేక ఏడాదంతా వెనక వరసలో బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు. ఇంట్లో చెప్పేవాళ్లుంటే ఆటలతో సరిపోతుందేమో, మాలాంటి వాళ్లకు బడే దిక్కు.

హెల్సింకీలో ఉంటాను:
ఇక్కడ ఫిన్లండ్‌లో ఏడేళ్లు నిండే ఏడాదే ఒకటో తరగతి. దానికి ముందు ఏడాది ప్రీప్రైమరీ, 2015 నుంచి అది తప్పనిసరి. వాన పడుతున్నా మా బాబుకి బురద బూట్లు తొడిగి బయట ఆడిస్తారు. రాత గురించి ఎవరూ తొందరపెట్టరు.

గుంటూరు నాన్న:
బాగుందండీ, కానీ అక్కడ ఒక్కొక్కరి చేతికింద ఎంతమంది పిల్లలు?

హెల్సింకీలో ఉంటాను:
డేకేర్‌లో మూడేళ్లు దాటిన పిల్లలకైతే ఏడుగురికి ఒకరు ఉండాలి.

అంగన్‌వాడీ టీచర్‌ని:
నా దగ్గర ఇరవై రెండు మంది పిల్లలు, చూసుకోవడానికి నేనూ, ఆయా ఇద్దరమే. 1975లో అంగన్‌వాడీలు నడిపే ఐసీడీఎస్ పథకం పెట్టినప్పుడే బడికి ముందు చదువు మా ఆరు సేవల్లో ఒకటి. కానీ బరువులు తూచి, ఆ వివరాలు ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించి, గర్భిణులకు సరుకులిచ్చి, భోజనాలు పెట్టేసరికి దానికి మిగిలేది అరగంట, ఒక్కోరోజు అదీ ఉండదు. ఆ అరగంటలోనే చింతపిక్కలు ముందు పోస్తే, అంతదాకా నోరు విప్పని పిల్ల ఒక్కో పిక్కా తీసి వరస పేరుస్తూ ‘ఐదు, ఆరు’ అంటుంది. రాతకు కావలసిన వేళ్ల పట్టు అలాగే వస్తుంది. విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచే లెక్కేస్తుంది, అంతకన్నా చిన్నవాళ్లకు ఆటతోనే నేర్పమని 2020 విద్యావిధానం చెబుతుంది, నేర్పడానికి ఇంకో మనిషిని మాత్రం ఇవ్వలేదు. గుంటూరు అన్నయ్యా, మీ బాబుకి జరిగింది ఆటల వల్ల కాదు, వాడి పక్కన కూర్చునే పెద్దవాళ్లు లేకపోవడం వల్ల.

ఖమ్మం అమ్మ:
అక్కా, రేపు పాపను తీసుకుని మా వీధి అంగన్‌వాడీకి వెళ్తాను. పొద్దంతా అక్కడే కూర్చుని, టీచర్ పిల్లలతో ఎంతసేపు గడపగలుగుతుందో చూసి వచ్చి రాస్తాను.