చిన్న రక్షిత అడవిలో పొడవు మీసాల పెంకుపురుగుల సర్వే: చంపే ఉచ్చులు వాడవచ్చా?

ఆకుచాటు:
నలభై హెక్టార్లకు మించని ఒక రక్షిత అడవిలో పొడవు మీసాల పెంకుపురుగుల జాబితా తయారు చేయాలని మా బృందం అనుకుంటోంది. ఫెరొమోన్ (తమ జాతి పురుగులను రప్పించేందుకు పురుగులు వదిలే వాసన పదార్థం) ఎర కట్టి, పడిన పురుగులను చంపి చెడకుండా ఉంచే ప్రొపిలీన్ గ్లైకాల్ ద్రవం అడుగు డబ్బాలో పోసిన ఉచ్చులు పెట్టాలని కొందరు, అలాంటిచోట ప్రాణం తీసే ఉచ్చే తప్పని మరికొందరు వాదిస్తున్నారు. మీ అభిప్రాయాలు తెలపగలరు.

పాతమొద్దు:
నేను ఉచ్చుల పక్షమే. ఇంతవరకు వర్ణించిన జాతులే 35,000 దాటిన కుటుంబమిది. దగ్గరి జాతులను విడదీయాలంటే చాలాసార్లు మగపురుగు జననాంగాన్ని విప్పి సూక్ష్మదర్శినిలో చూడాలి తప్ప ఫొటోతో తేలదు. పైగా వీటిలో చాలావాటి లార్వాలు చెక్కలోనే ఏడాది నుంచి మూడేళ్ల దాకా గడిపి, పెద్దపురుగులుగా బయట తిరిగేది కొన్ని వారాలే కాబట్టి, అప్పుడప్పుడు నడిచి వెతికినవారికి కనబడనంత మాత్రాన అవి అక్కడ లేవని చెప్పలేం. శుభ్రత పేరుతో పడిపోయిన దుంగలను, లోపలి లార్వాలతో సహా, తరలించేవారిని మాత్రం ఎవరూ అడగరు!

దుంగదారి:
గుర్తింపు గురించి పాతమొద్దు గారు చెప్పింది నిజమే, కానీ ఆ ఉచ్చు ఎక్కడి పురుగులను లెక్కిస్తోందన్న ప్రశ్నను వారు వదిలేశారు. ఎర వాసన సరిహద్దు దగ్గర ఆగదు. ఇంత చిన్న అడవిలో ఉచ్చును ఎక్కడ కట్టినా సరిహద్దు దగ్గరే కాబట్టి, పక్క తోటలో పుట్టిన పురుగు కూడా జాబితాకెక్కుతుంది. ఈ కుటుంబంలోని సెరాంబిసినే, లామినే ఉపకుటుంబాల్లో ఎక్కువగా మగవి వదిలే ఫెరొమోన్‌కు ఆడవి కూడా వస్తాయి, అంటే గుడ్లు పెట్టవలసినవే ద్రవంలో పడతాయి.

నేను చేసే పని నిదానమైనది. రాలిన ఎండుకొమ్మలను కొద్దిగా ఏరి, ఒక్కో చెట్టు జాతివి ఒక్కో వలగుడ్డ సంచిలో కట్టి, నీడలో వేలాడదీస్తాను. సంచి అడుగున సన్నని చెక్కపొట్టు రాలితే లోపల ఏదో తొలుస్తోందని అర్థం. నెలల తరువాత బయటికి వచ్చిన పురుగును వేళ్లతో పట్టుకుంటే మెడ ఆడిస్తూ కిర్రుకిర్రుమంటుంది. అది ఏ చెట్టులో పెరిగిందో అప్పుడు సందేహం లేకుండా రాయవచ్చు. ఉచ్చు ఆ సంగతి ఎన్నటికీ చెప్పదు.

పాతమొద్దు:
నిలువెత్తు మానుల బోదెల్లో పెరిగే జాతులు మీ సంచిలోకి రావు కదా. ద్రవం వద్దనుకుంటే పొడి డబ్బా పెట్టండి, కానీ రోజూ తెల్లవారగానే తీయాలి. ఆలస్యమైతే లోపల ఒకదాని మీసాలు, కాళ్లు మరొకటి కొరికేస్తుంది.

ఆకుచాటు:
అయితే పొడి డబ్బాలతోపాటు సంచులు కూడా పెడతాం. జాతికి రెండు మూడు నమూనాలే ఉంచుకుని మిగతావి వదిలేస్తాం. ఒక్కసారి, రెండుసార్లు మాత్రమే దొరికిన జాతుల సంఖ్యలతో, 1984లో గణాంక శాస్త్రవేత్త ఆన్ చావో ఇచ్చిన సూత్రం ప్రకారం కంటపడని జాతులను అంచనా వేస్తాం. రెండుసార్లు దొరికినవాటితో పోలిస్తే ఒక్కసారే దొరికినవి ఎంత ఎక్కువైతే, కంటపడనివి అంత ఎక్కువని దాని లెక్క.

దుంగదారి:
వదిలేముందు పై పెంకు మీద రంగు చుక్క పెట్టండి. లేకపోతే వదిలిన పురుగే మళ్లీ పడి, ఒక్కసారే దొరికిన జాతి రెండుసార్లు దొరికినట్లు లెక్కకెక్కి, మీ అంచనా ఉండవలసినదానికంటే తగ్గిపోతుంది.