ఆస్పార్టిక్-గ్లైసిన్ ఉన్న 12 అమైనో ఆమ్లాల పెప్టైడ్: మాస్‌లో నాలుగు అదనపు పీక్‌లు ఎందుకు వస్తున్నాయి?

గిండీ_బెంచ్:

అందరికీ నమస్కారం. చెన్నైలో ఒక ల్యాబ్‌లో ఎఫ్‌మాక్ (అమైన్‌ని తాత్కాలికంగా మూసి ఉంచే గుంపు) పద్ధతిలో, ఫ్రిట్ (వడపోత బిళ్ళ) ఉన్న సిరంజిలో చేత్తోనే పెప్టైడ్ కడుతున్నాను. వరుస ఎన్-చివర నుంచి ఇది: లైసిన్-వాలిన్-ఐసోల్యూసిన్-వాలిన్-ఆర్జినిన్-ఆస్పార్టిక్-గ్లైసిన్-అలనిన్-ల్యూసిన్-ఫినైల్‌అలనిన్-ఆర్జినిన్-టైరోసిన్, సి-చివర అమైడ్. మోనోఐసోటోపిక్ మాస్ 1434.85 రావాలి.

రింక్ అమైడ్ రెసిన్ (గొలుసు కట్టే ఘన పూసలు), లోడింగ్ 0.6 మిల్లీమోల్/గ్రా., 167 మి.గ్రా. తీసుకున్నాను (0.1 మిల్లీమోల్). ప్రతి కప్లింగ్‌కి (అమైనో ఆమ్లం చేర్చే మెట్టు) అమైనో ఆమ్లం 4 ఈక్వివలెంట్లు, హెచ్‌బీటీయూ (కప్లింగ్ కారకం) 4, డైపియా (క్షారం) 8, డీఎంఎఫ్ (ద్రావణి) 2 మి.లీ., 40 నిమిషాలు, ఒక్కసారే. డీప్రొటెక్షన్ (ఎఫ్‌మాక్ తీసేయడం) 20% పైపెరిడిన్‌తో 5 నిమిషాలు, మళ్ళీ 15 నిమిషాలు. కైసర్ పరీక్ష (అమైన్ మిగిలి ఉంటే నిన్‌హైడ్రిన్‌తో నీలం వస్తుంది) ప్రతిసారీ చేశాను, కప్లింగ్ తర్వాత ఎక్కడా నీలం రాలేదు. క్లీవేజ్ (రెసిన్ నుంచి పెప్టైడ్‌ని ఊడదీయడం) టీఎఫ్ఏ (ట్రైఫ్లోరోఅసిటిక్ ఆమ్లం), టిస్ (ట్రైఐసోప్రొపైల్‌సైలేన్), నీరు 95:2.5:2.5లో 90 నిమిషాలు, తర్వాత ఈథర్‌లో అవక్షేపం.

క్రూడ్‌లో (ఇంకా శుద్ధి చేయని పెప్టైడ్) రెండు చార్జీల పీక్‌లు ఇవి: 718.4 (ఇది కావలసింది), 668.9, 709.4, 752.0, 844.5. హెచ్‌పీఎల్‌సీలో (విడదీసే క్రోమటోగ్రఫీ) 5 నుంచి 60% అసిటోనైట్రైల్, 30 నిమిషాలు, 214 నానోమీటర్ల దగ్గర చూస్తే ప్రధాన పీక్ వెడల్పుగా ఉంది, ఒక పక్కన భుజంలా ఉబ్బింది. 718.4 పీక్‌ని వేరు చేసుకుని వాడుకుంటే సరిపోతుందా, మళ్ళీ మొదటి నుంచి కట్టాలా? ఏ పీక్ ఎందుకు వచ్చిందో తెలిస్తే ఈసారి ఆ మెట్టు దగ్గరే జాగ్రత్తపడతాను.

తరమణి_మాస్‌స్పెక్:

రెండు చార్జీల పీక్‌ల మధ్య తేడాని రెండుతో గుణించి చూడండి, కథ అంతా అందులోనే ఉంది.

668.9 అంటే కావలసిన దానికంటే 99 తక్కువ. వాలిన్ రెసిడ్యూ బరువు 99.07. ఒక వాలిన్ చేరలేదు. 709.4 అంటే 18 తక్కువ, నీరు పోయింది. మీ వరుసలో ఆస్పార్టిక్-గ్లైసిన్ ఉంది కాబట్టి ఇది ఆస్పార్టిమైడ్ (ఆస్పార్టిక్ పక్క గొలుసు గ్లైసిన్ నత్రజనితో కట్టుకున్న వలయం). 752.0 అంటే 67 ఎక్కువ. ఆ ఆస్పార్టిమైడ్ వలయాన్నే పైపెరిడిన్ (85) తెరిచి అక్కడే అతుక్కుంది: 85లోంచి 18 తీస్తే 67. 844.5 అంటే 252 ఎక్కువ, ఆర్జినిన్ మీది పీబీఎఫ్ (పక్క గొలుసుని కాపాడే గుంపు) ఒకటి ఇంకా ఊడలేదు.

చివరిదానికి మళ్ళీ కట్టక్కర్లేదు. రెండు ఆర్జినిన్లు ఉన్నప్పుడు 90 నిమిషాలు చాలవు, గది ఏసీ చల్లగా ఉంటే అసలు చాలవు. ఆ క్రూడ్‌ని కొత్త టీఎఫ్ఏ మిశ్రమం 3 మి.లీ.లో 2 గంటలు తిప్పి మళ్ళీ అవక్షేపం చేయండి, 844.5 పోవాలి. ఇకముందు మొదటి నుంచే 3 గంటలు పెట్టండి. సిస్టీన్, మెథియోనిన్, ట్రిప్టోఫాన్ లేవు కాబట్టి థయోఅనిసోల్, ఈడీటీ లాంటి వాసన సరుకుతో పనిలేదు, మీ మిశ్రమమే చాలు.

709.4 విషయంలో ఒక చిన్న పరీక్ష చేయండి. మాస్ స్పెక్ లోపలే నీరు ఊడిపోయి ఇలా కనిపించే అవకాశం ఉంది. ఆ అయాన్ ఒక్కదాన్నే ఎల్‌సీ (క్రోమటోగ్రఫీ) కాలంతో గీసి చూడండి. 718.4తో సరిగ్గా ఒకే సమయానికి వస్తే అది యంత్రంలో పుట్టినది, వేరే సమయానికి వస్తే నిజంగా గొట్టంలో ఉన్నదే. మీకు 752.0 కూడా ఉంది కాబట్టి నిజంగా ఉన్నదే అని నా అంచనా.

పోయిన వాలిన్ ఏది? మీ దగ్గర ఎంఎస్/ఎంఎస్ (అయాన్‌ని ముక్కలు చేసి తూచే మాస్ స్పెక్) ఉంటే 668.9ని విరగ్గొట్టండి. 5వ ఆర్జినిన్ నుంచి చివరిదాకా ఉండే వై8 అయాన్ 996.5 దగ్గర వస్తుంది. దాని తర్వాత 1095.6 కనబడితే 4వ వాలిన్ ఉన్నట్టే, పోయింది 2వది. 1109.6 కనబడితే ఆర్జినిన్ మీద నేరుగా ఐసోల్యూసిన్ కూర్చుంది, పోయింది 4వది.

ఎన్_టెర్మినల్:

పై లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఈ క్రూడ్‌లో నేను ముందుగా అనుమానించేది 718.4నే. దయచేసి దాన్ని వేరు చేసి నేరుగా ప్రయోగంలో పెట్టకండి.

ఎందుకో చెప్తాను. ఆస్పార్టిక్ పక్క గొలుసు మీద ఉన్న టెర్ట్-బ్యూటైల్ ఎస్టర్‌ని, క్షారం ఉన్నప్పుడు, తర్వాతి గ్లైసిన్ నత్రజని వచ్చి కొడుతుంది. గ్లైసిన్‌కి పక్క గొలుసు లేదు కాబట్టి అడ్డేమీ ఉండదు, అందుకే ఈ జంట అన్నిటికంటే ప్రమాదం. అలా ఏర్పడిన ఐదు పరమాణువుల వలయం నీరు తగిలితే రెండు వైపులా తెరుచుకుంటుంది. ఒక వైపు తెరిస్తే మీకు కావలసిన ఆల్ఫా పెప్టైడ్, ఇంకో వైపు తెరిస్తే వెన్నెముక పక్క గొలుసు గుండా వెళ్ళే బీటా పెప్టైడ్. సాధారణంగా బీటాదే పైచేయి, దాదాపు మూడింతలు. పైగా వలయంగా ఉన్నంతసేపూ ఆల్ఫా కార్బన్ తన ఎల్ రూపాన్ని నిలుపుకోలేదు, డీ రూపం కూడా పుడుతుంది. వీటన్నిటి మాస్ 1434.85నే! మీ పీక్ పక్కన ఉబ్బిన భుజం వాటిదే అయి ఉండాలి. గ్రేడియంట్‌ని నిమిషానికి 0.25%కి తగ్గించి నడిపితే తరచుగా విడిపోతాయి. గట్టి రుజువు కావాలంటే, ఆస్పార్టిక్ స్థానంలో ఆల్ఫా కార్బాక్సిల్ వైపు టెర్ట్-బ్యూటైల్ ఉన్న ఎఫ్‌మాక్ అమైనో ఆమ్లం వాడి బీటా పెప్టైడ్‌నే కావాలని కట్టి, రెండూ కలిపి ఇంజెక్ట్ చేసి చూడాలి.

ఇప్పుడు వాలిన్ సంగతి. పోయింది 2వ వాలిన్ అనే నా లెక్క. సి-చివర నుంచి లెక్కిస్తే అది 11వ కప్లింగ్, కింద వాలిన్, ఐసోల్యూసిన్ రెండూ బీటా కార్బన్ దగ్గర కొమ్మలున్నవి. 1963లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి రామచంద్రన్, రామకృష్ణన్, శశిశేఖరన్ ప్రకటించిన పటంలో (ప్రోటీన్ వెన్నెముక ఏ కోణాల్లో మలగగలదో చూపేది) బీటా ప్రాంతాన్ని, అంటే గొలుసు చాచుకుని ఉండే రూపాన్ని, ఇష్టపడేవి ఇవే. రెసిన్ మీద కూడా వీటి నైజం అదే, గొలుసులు ఒకదానికొకటి హైడ్రోజన్ బంధాలతో అతుక్కుపోతాయి. అప్పుడు రెసిన్ డీఎంఎఫ్‌లో ఉబ్బడం మానేసి కుదించుకుపోతుంది. సిరంజిలో దాని ఎత్తు గమనిస్తూ ఉంటే కంటికే తెలుస్తుంది. అలా అతుక్కున్న చోటికి నిన్‌హైడ్రిన్ కూడా సరిగ్గా చేరదు. కైసర్ నీలం రాలేదంటే కప్లింగ్ పూర్తయినట్టు కాదు, అమైన్ కనబడలేదు అంతే. ఆ చోట కైసర్‌ని నమ్మవద్దు.

ఇక్కడే అసలు చిక్కు. వాలిన్-ఐసోల్యూసిన్-వాలిన్ దగ్గర ఎఫ్‌మాక్ నెమ్మదిగా ఊడుతుంది కాబట్టి పైపెరిడిన్ ఎక్కువసేపు ఉంచాలనిపిస్తుంది. ఉంచితే ఆస్పార్టిమైడ్ పెరుగుతుంది. ఆస్పార్టిక్ చేరాక అది, ఆర్జినిన్, వాలిన్, ఐసోల్యూసిన్, వాలిన్, లైసిన్ అని ఆరుసార్లు పైపెరిడిన్ తగులుతుంది. ఒక దోషం తగ్గిస్తే రెండోది పెరుగుతుంది.

ఈ వరుసకి నేను చెప్పేది ఒకటే: ఆస్పార్టిక్, గ్లైసిన్ విడివిడిగా కాకుండా, గ్లైసిన్ నత్రజని మీద డైమీథాక్సీబెంజైల్ ఉన్న డైపెప్టైడ్‌గా చేర్చండి. ఎఫ్‌మాక్-ఆస్పార్టిక్ (టెర్ట్-బ్యూటైల్)-డీఎంబీ-గ్లైసిన్ అని రెడీగా దొరుకుతుంది. ఆ నత్రజని మీద హైడ్రోజనే లేదు కాబట్టి ఆస్పార్టిమైడ్ పుట్టదు. అదే డీఎంబీ వెన్నెముక మధ్యలో హైడ్రోజన్ బంధాలని కూడా ఆపుతుంది కాబట్టి, ఆ తర్వాత వచ్చే వాలిన్-ఐసోల్యూసిన్-వాలిన్ గొలుసు అతుక్కోవడం తగ్గుతుంది. సెరీన్, థ్రియోనిన్ ఉంటే సూడోప్రోలిన్ (ఇదీ గొలుసులు అతుక్కోకుండా ఆపేదే) వాడమనేవాడిని, మీ వరుసలో అవి లేవు.

డైపెప్టైడ్ అణుభారం 618.7. 2 ఈక్వివలెంట్లకి 124 మి.గ్రా., హెచ్‌ఏటీయూ (ఇదీ కప్లింగ్ కారకమే) 74 మి.గ్రా., డైపియా 70 మైక్రోలీటర్లు, డీఎంఎఫ్ 1 మి.లీ., 2 గంటలు. చివర గ్లైసిన్ కాబట్టి యాక్టివేట్ చేసినప్పుడు రేసిమైజేషన్ భయం లేదు. క్లీవేజ్‌లో టీఎఫ్ఏకి డీఎంబీ దానంతటదే ఊడిపోతుంది.

అది తెప్పించేలోగా కట్టాల్సి వస్తే, 20% పైపెరిడిన్‌లో 0.1 మోలార్ ఆక్సిమా (కొద్దిగా ఆమ్ల స్వభావమున్న సంకలితం) కలపండి (100 మి.లీ.కి 1.42 గ్రా.). ఆస్పార్టిమైడ్ తగ్గుతుంది, పూర్తిగా ఆగదు.

అడయార్_పెప్టైడ్:

డైపెప్టైడ్ సలహాకి నా ఓటు. మిగతా మెట్లలోని కొన్ని లోపాలు కూడా చెప్తాను.

హెచ్‌బీటీయూని అమైనో ఆమ్లంతో సమానంగా వేయకండి. మిగిలిపోయిన హెచ్‌బీటీయూ నేరుగా ఎన్-చివర అమైన్‌ని పట్టుకుని గ్వానిడిన్ చేస్తుంది, మాస్ 98 పెరుగుతుంది, ఆ గొలుసు అక్కడితో ఆగిపోతుంది. మీ క్రూడ్‌లో అది కనబడలేదు, అయినా 3.9 ఈక్వివలెంట్లే వేయండి. వాలిన్ కప్లింగ్‌కి: ఎఫ్‌మాక్-వాలిన్ 136 మి.గ్రా., హెచ్‌బీటీయూ 148 మి.గ్రా., డైపియా 139 మైక్రోలీటర్లు, డీఎంఎఫ్ 1.5 మి.లీ. 2 మి.లీ. కంటే గాఢంగా ఉండటమే మేలు. 4వ వాలిన్ నుంచి చివరి లైసిన్ దాకా నాలుగింటికీ రెండేసి కప్లింగ్‌లు, ఒక్కోటి ఒక గంట, రెండోసారి అంతా తాజాగా.

ఆర్జినిన్‌ని కూడా రెండుసార్లు చేయండి, కానీ కారణం వేరు. యాక్టివేట్ అయిన ఆర్జినిన్ తన గ్వానిడిన్‌తోనే వలయం కట్టుకుని లాక్టమ్‌గా వృథా అవుతుంది. గిన్నెలో ముందే కలిపి ఉంచకండి. డైపియా వేసిన వెంటనే రెసిన్ మీద పోయాలి.

డబుల్ కప్లింగ్ తర్వాత క్యాపింగ్ (మిగిలిన అమైన్‌లని మూసేయడం) పెట్టండి: డీఎంఎఫ్‌లో అసిటిక్ అన్‌హైడ్రైడ్ 10%, డైపియా 5%, 10 నిమిషాలు. దీంతో వాలిన్ తప్పిపోయిన గొలుసు అక్కడే మూసుకుపోతుంది. ఒక్క వాలిన్ తక్కువైన 11 అమైనో ఆమ్లాల గొలుసుని హెచ్‌పీఎల్‌సీలో విడదీయడం కంటే పొట్టి గొలుసుని విడదీయడం ఎంతో సులువు.

కైసర్ బదులు ఎఫ్‌మాక్ కొలవండి. 4వ వాలిన్, ఐసోల్యూసిన్, 2వ వాలిన్ చేరాక, ఎఫ్‌మాక్ ఉండగానే, కొద్దిగా రెసిన్ తీసి డీసీఎంతో (డైక్లోరోమీథేన్) కడిగి బాగా ఆరబెట్టి 5 మి.గ్రా. తూచండి. 20% పైపెరిడిన్ 1 మి.లీ.లో 30 నిమిషాలు. అందులోంచి 100 మైక్రోలీటర్లు తీసి డీఎంఎఫ్‌తో 5 మి.లీ. చేసి 301 నానోమీటర్ల దగ్గర చూడండి, మోలార్ శోషణ 7800. లోడింగ్ 0.6 అయితే సుమారు 0.47 రావాలి. గొలుసు పెరిగే కొద్దీ రెసిన్ బరువు పెరుగుతుంది కాబట్టి గ్రాముకి లోడింగ్ తగ్గుతూ పోతుంది, ఆ లెక్క వేసుకున్నాకే పోల్చండి. బ్లాంక్‌లో కూడా అంతే పైపెరిడిన్ ఉండాలి. క్వార్ట్‌జ్ క్యూవెట్ వాడండి, ప్లాస్టిక్ పాలీస్టైరీన్‌ది డీఎంఎఫ్‌కి కరిగిపోతుంది.

చెన్నై ఎండకి సంబంధించి రెండు మాటలు. డీఎంఎఫ్ పాతబడితే డైమిథైలమైన్ పుడుతుంది, అది ఎఫ్‌మాక్‌ని కప్లింగ్ మధ్యలోనే ఊడదీసి ఒకే అమైనో ఆమ్లాన్ని రెండుసార్లు చేరుస్తుంది. మీ మాస్‌లో 99, 113 ఎక్కువైన పీక్‌లు లేవు కాబట్టి ఇప్పటికి మీ డీఎంఎఫ్ మంచిదే. అనుమానం వస్తే క్లోరానిల్, అసిటాల్డిహైడ్ రెండు చుక్కలతో చూడండి. నీలి ఆకుపచ్చ రంగు వస్తే ఆ సీసా పక్కన పెట్టేయండి.

ఈథర్ 34.6 డిగ్రీలకే మరుగుతుంది, మే నెలలో ఏసీ లేని గదిలో మూత తీస్తేనే ఎగిరిపోతుంది. ఇంట్లో వాడే రకం ఫ్రిజ్‌లో ఈథర్ చల్లబరచడం అసలు చేయవద్దు. లోపలి థర్మోస్టాట్ నిప్పురవ్వ చాలు, ఆవిరి అంటుకోవడానికి. దాని బదులు ఎంటీబీఈ (మిథైల్ టెర్ట్-బ్యూటైల్ ఈథర్) వాడండి, మరిగేది 55 డిగ్రీలకి. టీఎఫ్ఏని నైట్రోజన్‌తో 1 మి.లీ.కి తగ్గించి, మంచులో పెట్టిన 10 మి.లీ. ఎంటీబీఈలో చుక్కలుగా వేయండి. పాలీప్రొపిలీన్ గొట్టంలో సెంట్రిఫ్యూజ్ చేసి మూడుసార్లు కడగండి.

గిండీ_బెంచ్:

అందరికీ చాలా థాంక్స్ అండి. 709.4ని ఎల్‌సీ కాలంతో గీశాను, వేరే సమయానికే వస్తోంది. 668.9ని విరగ్గొడితే 1095.6 ఉంది, అంటే పోయింది 2వ వాలినే. డైపెప్టైడ్ ఆర్డర్ పెడుతున్నాను. ఇంకొక్క ప్రశ్న. ఇది కణాల మీద పరీక్షకి వెళ్ళాలి, గాఢత బరువుతో లెక్కేస్తే చాలా?

అడయార్_పెప్టైడ్:

చాలదు. శుద్ధి అయ్యాక మీ దగ్గర ఉండేది టీఎఫ్ఏ లవణం. ఎన్-చివర, లైసిన్, రెండు ఆర్జినిన్లు కలిపి నాలుగు ధన చార్జీలు, నాలుగు టీఎఫ్ఏలు, 456 డాల్టన్లు. 1 మి.గ్రా. తూచితే పెప్టైడ్ గరిష్ఠంగా 0.76 మి.గ్రా., తేమ ఉంటే ఇంకా తక్కువ. టైరోసిన్ ఒకటి ఉండటం మీ అదృష్టం. 280 నానోమీటర్ల దగ్గర మోలార్ శోషణ 1490తో కొలవండి. తూచిన 1 మి.గ్రా.ని 1 మి.లీ.లో కరిగిస్తే 0.79 కంటే ఎక్కువ వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టు.

కణాలకి టీఎఫ్ఏ పడకపోవచ్చు కాబట్టి 10 మిల్లీమోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి లయోఫిలైజ్ (గడ్డకట్టించి ఆరబెట్టడం) చేయండి, ఇలా మూడుసార్లు. అప్పుడు లవణం బరువు మారుతుంది, గాఢత మళ్ళీ 280 దగ్గరే కొలవాలి.

ఎన్_టెర్మినల్:

దీనికి ఒక్కటి చేరుస్తాను. ఆస్పార్టిక్-గ్లైసిన్ జంట కట్టేటప్పుడే కాదు, ద్రావణంలో ఉన్నప్పుడు కూడా నెమ్మదిగా బీటా వైపు మారుతుంది. స్టాక్ ద్రావణం చేసి 4 డిగ్రీల దగ్గర వారాల తరబడి ఉంచకండి. పొడిగా, చిన్న చిన్న భాగాలుగా, మైనస్ 20లో ఉంచి, ప్రయోగం రోజున ఒక సీసా మాత్రమే, గది వేడికి వచ్చాక మూత తీసి కరిగించండి. చల్లని సీసా వెంటనే తెరిస్తే ఇక్కడి గాలిలో తేమంతా పొడి మీదే చేరుతుంది.