టోర్నడో అవుట్‌బ్రేక్: సుడిగాలిని త్వరగా పెంచేదెలా?

2009లో కొనామి విడుదల చేసిన టోర్నడో అవుట్‌బ్రేక్ వీడియో గేమ్ ఇంకా ఆడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? నేను ప్లేస్టేషన్ 3లో ఆడుతున్నాను. ఇందులో మనం ఆడే పాత్ర జెఫిర్‌ని నడిపిస్తూ, ఎదురైనవన్నీ ఊడ్చేస్తూ సుడిగాలిని పెద్దది చేయాలి కదా, నా సమస్యంతా అక్కడే.

మొదట్లో కంచెలూ చిన్నాచితకా సామాన్లూ చకచకా లేస్తాయి. ఆ ఊపులో ఏ ఇంటి మీదికో వెళ్తే గోడ కూడా కదలదు, చుట్టూ తిరగడమే మిగులుతుంది. పక్కకు వెళ్లి ఇంకాస్త పెరుగుదామంటే మేఘాల నీడ దాటి ఎండలో పడతాను. ఈలోపు గడియారం పరుగెడుతూనే ఉంటుంది, ఒకటే టెన్షన్! (విధ్వంసం చేసే ఆటలో ఎండకు భయపడాల్సి రావడం మాత్రం భలే ఆలోచన.)

మనం పట్టుకోవాల్సిన ఫైర్ ఫ్లయర్లు అనే నిప్పు జీవులు వస్తువుల కిందే దాక్కుంటాయి కాబట్టి, కనిపించినవి కనిపించినట్టు పట్టుకుంటూ పోవాలా? లేక ముందు సైజు పెంచుకుని, తర్వాత వాటి కోసం వెనక్కి రావాలా? ఇద్దరు కలిసి ఆడితే ఈ హడావిడి తగ్గుతుందా, లేక ఒకరికొకరు అడ్డమేనా? వీడియోలు కాకుండా, మీరు ఏ క్రమంలో వెళ్తారో రాస్తే నాకు ఎక్కువ ఉపయోగం.