స్లైడ్‌కి రంగు వేస్తామా, పట్టిస్తామా?

ప్రశ్న (నెల్లూరు, ల్యాబ్ టెక్నీషియన్): మా పాథాలజీ ల్యాబ్‌కి ఆటోమేటిక్ స్టెయినర్ వచ్చింది, అంటే మైక్రోస్కోప్‌లో చూసే కణజాలపు పలచటి ముక్కకు గాజు స్లైడ్ మీదే రంగు ఎక్కించే మెషిన్. దాని పని వరసను తెలుగులో రాసి గోడకు అంటించమన్నారు. ఇట్లా రంగు ఎక్కించడానికి (స్టెయినింగ్‌కి) పుస్తకాల్లో ‘అభిరంజనం’ అని ఉంది, కొత్తగా చేరిన పిల్లలు నోరు తిరగక నవ్వుతున్నారు. ‘రంగు వేయడం’ అంటే గోడకు సున్నం కొట్టినట్టుంది. ఏం రాయమంటారు?

ఒంగోలు నుంచి: ‘పట్టించడం’ అని రాయండి. తలకు నూనె రాయడం వేరు, పట్టించడం వేరు కదా. వేసిన రంగు పైపైన ఉంటుంది, పట్టిన రంగు లోపలికి పోతుంది.

టెక్నీషియన్: భలే అన్నారు అన్నా. మేం వాడే హెమటాక్సిలిన్ ఒక చెట్టు చేవ నుంచి తీసే రంగు, దానంతటది సరిగా పట్టదు. పటిక కలపాలి. అందులోని అల్యూమినియమే రంగును కణ కేంద్రకానికి కట్టేస్తుంది.

పాటూరు నుంచి (నేత కుటుంబం): పటికా! బట్టల అద్దకంలోనూ రంగు నిలవడానికి అదే వాడతారు. ఇక ‘పట్టించడం’ ఖాయం చేసుకోండి.

కావలి తెలుగు మాస్టారు: ‘అభిరంజనం’ పరీక్షలు రాసే పిల్లలకు కావాలి, దాన్ని తోసేయకండి. రాగం, రక్తం, రంజనం మూడూ ఒకే ధాతువు బిడ్డలు. రక్తం చుక్కకు రంగు పట్టించే మీరే ఆ మాటను కాదంటే ఎట్లా?

టెక్నీషియన్: కాదనడం లేదు మాస్టారూ, బ్రాకెట్లో పెడతాను. అసలు చిక్కు తర్వాతి మెట్లలో ఉంది. మెషిన్ చెయ్యి స్లైడ్ల స్టాండును ఎత్తి ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలో ముంచుతుంది. ముందు జైలీన్ అనే ద్రావకంలో కణజాలానికి ఉన్న మైనం కరుగుతుంది, ఆల్కహాల్, నీళ్లు దాటాక హెమటాక్సిలిన్. ఆ వెంటనే యాసిడ్ కలిపిన ఆల్కహాల్‌లో ఎక్కువైన రంగు పోవాలి. తర్వాత కుళాయి నీళ్లలో ఎర్రటి ఊదా కాస్తా నీలం కావాలి. దీన్ని బ్లూయింగ్ అంటాం. ఆపైన ఇయోసిన్ అనే ఇంకో రంగు, దానితో కేంద్రకం చుట్టూ ఉన్న భాగం గులాబీ రంగుకొస్తుంది.

ఒంగోలు: యాసిడ్‌లో ఎక్కువైన రంగు పోవడం ‘రంగు దించడం’. ఆ బ్లూయింగ్ ‘రంగు తిరగడం’, మామిడికాయకు అనేదే.

టెక్నీషియన్: ‘తిరగడం’ అచ్చంగా సరిపోయింది. నీళ్లకు కాస్త క్షారగుణం ఉంటేనే తిరుగుతుంది, డిస్టిల్డ్ వాటర్‌లో సరిగా తిరగదు.

కనిగిరి నుంచి: అయితే మా బోరు నీళ్లకు ఒక ఉద్యోగం దొరికింది.

టెక్నీషియన్: ఉప్పు ఎక్కువైతే స్లైడ్ మీద తెల్లగా చార కడుతుంది, వద్దు సామీ. గోడకు ఇట్లా రాస్తున్నా: మైనం తీయడం, నీలిరంగు పట్టించడం, దించడం, తిప్పడం, గులాబీ పట్టించడం, నీరు తీయడం.

మాస్టారు: మనం తిప్పితే ‘తిప్పడం’, నీళ్లలో దానంతటదే మారితే ‘తిరగడం’. మీ మెషిన్ ఏం చేస్తుందో చూసి రాయండి.