బ్రెగ్జిట్ ఫలితం రాగానే మళ్లీ ఓటు పెట్టమనడం న్యాయమేనా?

రెడింగ్‌వాసి:
బ్రిటన్ ఐరోపా సమాఖ్యలో ఉండాలా, వెళ్లిపోవాలా (బ్రెగ్జిట్) అని 2016 జూన్ 23న జరిగిన ఓటింగ్‌లో నేనూ ఓటు వేశాను. బ్రిటన్ వచ్చి అప్పటికి రెండేళ్లే, చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు. కామన్వెల్త్ పౌరుణ్ని కాబట్టి ఓటు దక్కింది. మా పక్కింటి పోలండ్ దంపతులకు దక్కలేదు, పదకొండేళ్లుగా ఇక్కడ పన్ను కడుతున్నా సరే. ఐరోపా సమాఖ్య నుంచి వెళ్లిపోవాలని 51.9 శాతం, ఉండాలని 48.1 శాతం అన్నారని తెల్లవారేసరికి తేలింది. ఆవిడ చెత్తడబ్బా బయట పెట్టడానికి వచ్చి, "మమ్మల్ని పంపించేస్తారా?" అని అడిగింది. నాకు నోట మాట రాలేదు. మళ్లీ ఓటింగ్ జరపాలంటూ పార్లమెంటుకు పెట్టిన విజ్ఞాపనపై ఆ రోజే సంతకం చేశాను. వారం తిరిగేసరికి సంతకాలు 40 లక్షల దాకా వెళ్లాయి. ఓడినవాళ్ల ఏడుపు అని కొట్టిపారేశారు. అంత తేలిగ్గా తీసిపారేయవలసిన మాటా అది?

వియర్ ఒడ్డు డాక్టర్:
తీసిపారేయవలసిందేనండీ. నేను పని చేసేది ఇంగ్లండ్ ఈశాన్యాన, వియర్ నది ఒడ్డున ఉన్న సందర్లాండ్‌లో. ఇక్కడ 61 శాతం మంది వెళ్లిపోదామన్నారు. ఇది ఓడలు కట్టిన ఊరు. చివరి ఓడల కర్మాగారం 1988లో మూతపడింది, చివరి బొగ్గుగని 1993లో. దశాబ్దాలుగా ఒకే పార్టీ గెలిచే చోట వీళ్ల ఓటు ఎవరికీ పట్టలేదు. మొదటిసారి ఆ ఓటు దేశం దారి మళ్లించింది. మరునాటి నుంచి వీళ్లను తెలివితక్కువవాళ్లన్నారు, ముసలివాళ్లు మనవళ్ల భవిష్యత్తు దొంగిలించారన్నారు. నా దగ్గరికి మందులకు వచ్చే ఒక పెద్దాయన, వెల్డర్‌గా చేసినవారు, "మీకు నచ్చిన జవాబు చెప్పేదాకా మమ్మల్ని అడుగుతూనే ఉంటారా?" అన్నారు. ఆ భయం ఉత్తది కాదు. ఐరోపా సమాఖ్య ఒప్పందాల విషయంలోనూ ఇదే జరిగింది: మాస్ట్రిక్ట్ ఒప్పందం వద్దన్న డెన్మార్క్‌ను 1993లో, లిస్బన్ ఒప్పందం వద్దన్న ఐర్లాండ్‌ను 2009లో మళ్లీ అడిగారు. అవుననిపించుకున్నారు.

బర్మింగ్‌హామ్ వంటగది:
నేను వేసింది వెళ్లిపోవడానికే. అప్పట్లో మన దేశం నుంచి ఒక వంటవాణ్ని రప్పించాలంటే ఏడాదికి 29,570 పౌండ్ల జీతం చూపించాల్సి వచ్చేది. చిన్న హోటలుకు అయ్యే పనా? ఐరోపా నుంచి వచ్చేవాళ్లు తగ్గితే మనవాళ్లకు దారి తెరుచుకుంటుందని ప్రచారంలో చెప్పారు, నమ్మాం. మా ఊరు 50.4 శాతంతో అటే మొగ్గింది. వంటవాళ్లు రాలేదు, రెండేళ్లకు మా యజమాని హోటల్ మూసేశారు. నా కోపం ఓటు మీద కాదు, మాట ఇచ్చి మరచినవాళ్ల మీద.

వియర్ ఒడ్డు డాక్టర్:
రెడింగ్ మిత్రమా, మీరు సంతకం చేసిన విజ్ఞాపన ఏం కోరింది? పోలింగ్ 75 శాతానికి తగ్గి, గెలిచిన పక్షానికి 60 శాతం రాకపోతే మళ్లీ జరపాలని. అలాంటి షరతు ముందే చట్టంలో ఉండాలి. 1979లో స్కాట్లాండ్‌కు సొంత శాసనసభ ఉండాలా అని జరిగిన ఓటింగ్‌కు మొత్తం ఓటర్లలో 40 శాతం మద్దతు ఉండాలని ముందే రాశారు. అందుకే మెజారిటీ అవునన్నా అది వీగిపోయింది. 2016లో ఏమీ రాయలేదు. నిజం చెప్పండి, ఉండాలన్నవాళ్లే 52 శాతంతో గెలిచి ఉంటే మీరు సంతకం చేసేవారా?

రెడింగ్‌వాసి:
చేసేవాణ్ని కాను. రాత్రంతా ఆలోచించి రాస్తున్నాను. అసలు ఆ విజ్ఞాపన ఓటింగ్‌కు ముందే, తన పక్షం ఓడిపోతుందనుకున్న బ్రెగ్జిట్ మద్దతుదారు ఒకరు పెట్టినది. కాబట్టి నా సంతకం తప్పే. 2019లో మళ్లీ ఓటింగ్ కోరిన సంగతి మాత్రం వేరు. వెళ్లాలా వద్దా అని అడిగారే గానీ, ఏ షరతులతో అని అడగలేదు కదా. అప్పటి ప్రధాని థెరిసా మే సమాఖ్య నుంచి వెళ్లడానికి తెచ్చిన ఒప్పందాన్ని ఆ జనవరిలో పార్లమెంటు 432-202తో తిప్పికొట్టింది. వెళ్లిపోదామని పట్టుబట్టిన సభ్యులు కూడా ఎందరో వద్దన్నారు. వాళ్లకే నచ్చని ఒప్పందాన్ని జనం ముందు పెట్టి, "మీరు కోరింది ఇదేనా?" అని అడగడం పాత తీర్పును తిరగదోడడం ఎలా అవుతుంది? ఇల్లు అమ్ముదామని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నా, బేరం కుదిరాక కాగితం చదవకుండా ఎవరూ సంతకం పెట్టరు. మీ వెల్డర్ గారికి ఆ కాగితం చూపించి అడిగితే ఏమనేవారంటారు?

వియర్ ఒడ్డు డాక్టర్:
ఆ ఏడాదే అడిగాను. "వెళ్లిపోదామనే అంటాను, ఈసారి ఇంకా గట్టిగా" అన్నారు.